ముఖాన తగ్గని ఎరుపు: కారణాలు, చికిత్స

ఎండలో నడిచినా, పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చున్నా, కోపం వచ్చినా, సిగ్గుపడినా ముఖం ఎర్రబడటం సహజం. చర్మం కింది సన్నని రక్తనాళాలు కొంతసేపు వెడల్పై తిరిగి మామూలు స్థితికి రావడమే దీనికి కారణం. గంటలో రెండు గంటల్లో తగ్గిపోయే ఆ ఎరుపు జబ్బు కాదు. అదే ఎరుపు వారాలు, నెలలు గడిచినా తగ్గక బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం మీద నిలిచిపోయినా, మంట, దురద, కురుపులు, పొట్టు వంటివి తోడైనా దానికి కారణం వెతకవలసిందే.

నిలిచిపోయిన ఎరుపు ఒక జబ్బు పేరు కాదు. అది పది రకాల జబ్బులకు సమానంగా కనిపించే గుర్తు. అందుచేత "ముఖం ఎరుపుకు మందు" అంటూ ఏదీ లేదు. పొరుగువారికి తగ్గించిన పూతమందు మరొకరి ముఖాన్ని పాడుచేయవచ్చు. సరిహద్దు పల్లెల్లో చర్మవ్యాధి నిపుణుడు అందుబాటులో లేక, సంతకు వెళ్లినప్పుడు మందుల దుకాణంలో అడిగి ట్యూబు తెచ్చుకోవడం అలవాటుగా మారింది. అసలు జబ్బు కంటే ఈ అలవాటే నేడు ఎక్కువ ముఖాలను చెడగొడుతున్నది.

గోధుమ, చామనఛాయ, నలుపు చర్మంపై ఎరుపు ఎర్రగా కనిపించకపోవచ్చు. రాగి రంగుగా, జేవురు రంగుగా, కందిన మచ్చగా, ఒక్కోసారి కేవలం నల్లబడినట్లుగా కనిపిస్తుంది. మంట, వేడి, చర్మం బిగిసినట్లుండటం, సబ్బు తగిలితే చురుక్కుమనడం వంటివి రంగు కంటే ముందుగా తెలుస్తాయి. పగటి వెలుతురులో ముఖాన్ని చెవి వెనుక చర్మంతోనో, ముంజేతి లోపలి భాగంతోనో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

ట్యూబు తెచ్చిన ఎరుపు

బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ వంటివి స్టెరాయిడ్ పూతమందులు. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి జబ్బులకు వైద్యుడు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే ఇవి మేలైన మందులు. ముఖం మీది చర్మం పలుచన. అక్కడ మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. రాసిన రెండు మూడు రోజుల్లో మొటిమ అణగుతుంది, దురద తగ్గుతుంది, రంగు కొంత తేలినట్లు కనిపిస్తుంది. పెళ్లిచూపులకు ముందు, జాతరకు ముందు రాసుకొని "బాగా పనిచేసింది" అనుకున్నవారు దానిని నిత్యం వాడే క్రీముగా మార్చుకుంటారు.

కొన్ని వారాలకు, నెలలకు చర్మం పలుచబడుతుంది. సన్నని ఎర్రని నాళాలు దారపు పోగుల్లా పైకి కనిపిస్తాయి. చిన్న చిన్న కురుపులు లేస్తాయి. ఆడవారి బుగ్గలపై, గడ్డంపై నూగు పెరుగుతుంది. కొన్నిచోట్ల తెల్లబడుతుంది, కొన్నిచోట్ల నల్లబడుతుంది. ఎండ సోకగానే మంట పుడుతుంది. మందు మానిన రెండు మూడు రోజుల్లోనే ముఖం మరింత ఎర్రబడి ఉబ్బుతుంది. భరించలేక మళ్లీ అదే ట్యూబు రాస్తారు. రాయగానే తగ్గుతుంది. ఈ విధంగా చర్మం ఆ మందు లేకుండా ఉండలేని స్థితికి చేరుతుంది. భారతీయ చర్మవైద్యులు దీనికి "స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం" అని పేరు పెట్టారు.

దేశంలోని 12 చర్మవ్యాధి చికిత్సా కేంద్రాలలో జరిపిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. ముఖంపై చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూతమందులు వాడుతున్నట్లు అందులో తేలింది. వారిలో 257 మందికి ఆ మందును సూచించినవారు వైద్యులు కారు. తరువాత 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలను సవరించి, 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని నిర్దేశించింది. నిబంధన ఉన్నా, చీటీ అడగకుండా ఇచ్చే దుకాణాలు లేకపోలేదు. కనుక కొనేవారే జాగ్రత్తపడాలి.

ట్యూబుపై పెద్ద అక్షరాలలో ఉండే వ్యాపార నామాన్ని కాక, దాని కింద చిన్న అక్షరాలలో ఉండే మందు పేరును చదవాలి. పేరు చివర "సోన్" అని ఉంటే అది చాలావరకు స్టెరాయిడ్. క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ కూడా అవే. కీటోకొనజోల్, క్లోట్రిమజోల్ వంటి "జోల్" మందులు స్టెరాయిడ్లు కావు, అవి శిలీంధ్రాన్ని చంపేవి. ఒకే ట్యూబులో స్టెరాయిడ్, శిలీంధ్ర నాశని, యాంటీబయాటిక్ మూడూ కలిపి అమ్మేవి ఉన్నాయి. మంగుమచ్చలకు వాడే క్రీములలో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో పాటు స్టెరాయిడ్ కలిసినవి ఉన్నాయి. ఇవి పరిమిత కాలానికి, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినవి. తెల్లబరిచే క్రీములుగా నెలల తరబడి రాసుకోదగినవి కావు.

పేరు, తయారీదారు చిరునామా సరిగా లేని తెల్లబరిచే క్రీములతో మరో ప్రమాదం పాదరసం. చర్మం ద్వారా ఒంట్లోకి చేరి అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021, 2023 సంవత్సరాల మధ్య మూత్రపిండ జబ్బుతో వచ్చిన పలువురిలో ఇటువంటి క్రీముల వాడకమే కారణమని వైద్యులు గుర్తించారు.

చికిత్సలో మొదటి మెట్టు స్టెరాయిడ్‌ను మాన్పించడం. ఎక్కువ కాలం, ఎక్కువ శక్తిగల మందు వాడినవారికి వైద్యులు ఒక్కొక్కసారి తక్కువ శక్తిగల దానికి మార్చి, క్రమంగా తగ్గిస్తారు. మానిన తరువాత వచ్చే మంట, ఎరుపు కొన్ని వారాలు, కొందరికి నెలలు ఉంటాయి. అది జబ్బు ముదిరిందనడానికి గుర్తు కాదు. ఆ కాలాన్ని దాటించడానికి చల్లని నీటిలో తడిపిన మెత్తని గుడ్డ, వాసన లేని తేమ క్రీము లేదా వాజిలిన్, వైద్యుడు అవసరమనుకుంటే టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని పూతమందు, కురుపులుంటే డాక్సీసైక్లిన్ మాత్రలు తోడ్పడతాయి. ఈ విషయం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. మందు మానిన పిల్లను చూసి "ముఖం ఇంకా పాడైంది, పాత క్రీమే రాయి" అని పెద్దలు ఒత్తిడి చేస్తే చికిత్స మొదటికి వస్తుంది.

రొసేషియా

ముక్కు, బుగ్గలు, నుదుటి మధ్యభాగం, గడ్డం ఎర్రబడి అలాగే నిలిచిపోయే దీర్ఘకాలిక జబ్బు రొసేషియా. తెల్ల చర్మం గలవారిలో ఎక్కువగా గుర్తించినా, మన దేశంలోనూ ఉంది. నల్లని చర్మంపై ఎరుపు స్పష్టంగా కనిపించక, చాలామందిలో మొటిమలుగానో, ఎండదెబ్బగానో పొరబడటం జరుగుతుంది. సాధారణంగా 30 ఏళ్లు దాటినవారిలో మొదలవుతుంది.

మొదట ముఖం అప్పుడప్పుడు గుప్పున వేడెక్కి ఎర్రబడుతుంది. కొంతకాలానికి ఎరుపు తగ్గకుండా ఉండిపోతుంది. ఆపై మొటిమల వంటి ఎర్రని పొక్కులు, చీము పొక్కులు వస్తాయి. మొటిమలలో ఉండే నల్లని, తెల్లని మూతల వంటి గింజలు ఇందులో ఉండవు. కొందరు మగవారిలో ముక్కు చర్మం దళసరియై గడ్డలు కట్టినట్లవుతుంది. కొందరికి కళ్లలో ఇసుక పడినట్లుండటం, రెప్పల అంచులు ఎర్రబడటం, కంటికురుపులు మళ్లీ మళ్లీ రావడం ఉంటుంది. కంటి బాధను అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డు పైపొర దెబ్బతినవచ్చు.

దీనికి ఒకే కారణమంటూ లేదు. వంశపారంపర్య లక్షణం, చర్మపు రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడం, రక్తనాళాలు, నరాలు తేలికగా రేగడం, చర్మ రంధ్రాలలో అందరికీ ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగులు ఎక్కువ సంఖ్యలో పెరగడం ఇందులో పాలుపంచుకుంటాయి. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేది కాదు, అంటుకునేది కాదు. మద్యం తాగేవారికే వస్తుందన్నది అపోహ. మద్యం ఉన్న ఎరుపును రేపుతుంది గాని, ఎన్నడూ తాగనివారికీ ఈ జబ్బు వస్తుంది.

ఎండ, పొయ్యి వేడి, పొగలు గక్కే టీ, కారం, మద్యం, మనసు ఆందోళన, ఘాటైన సబ్బులు దీనిని రేపేవి. అందరినీ అన్నీ రేపవు. ముఖం ఎర్రబడిన ప్రతిసారీ ఆ రోజు తిన్నది, చేసినది ఒక పుస్తకంలో రాసుకుంటే నెలరోజుల్లో ఎవరి కారణం వారికి తెలుస్తుంది. టీ మానవలసిన పని లేదు, గోరువెచ్చగా చల్లారనిచ్చి తాగితే చాలు.

పొక్కులకు మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, 1 శాతం ఐవర్మెక్టిన్ పూతమందులు వాడతారు. గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. వారం రోజులకే మార్చడం తగదు. ఎక్కువగా ఉంటే తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు ఈ మాత్రలు సాధారణంగా ఇవ్వరు. మాత్రను నిండు గ్లాసు నీటితో వేసుకొని, వెంటనే పడుకోకుండా ఉండాలి. మొండి జబ్బుకు ఐసోట్రెటినోయిన్ ఇస్తారు. అది గర్భంలోని శిశువుకు తీవ్రమైన లోపాలు కలిగిస్తుంది కనుక గర్భం రాకుండా కచ్చితమైన జాగ్రత్త తీసుకోనిదే స్త్రీలకు వాడరాదు. బ్రిమోనిడిన్ జెల్ రక్తనాళాలను కొన్ని గంటలపాటు ముడుచుకునేలా చేసి ఎరుపును తగ్గిస్తుంది. ప్రభావం తీరాక కొందరిలో ఎరుపు మరింత పెరుగుతుంది. పైకి తేలిన నాళాలు పూతమందులతో పోవు, వాటికి లేజర్ అవసరం. రొసేషియా పూర్తిగా నయమయ్యేది కాకపోయినా, అదుపులో ఉంచుకొని సుఖంగా జీవించవచ్చు.

పొలం నుంచి, ఇంటి నుంచి వచ్చే ఎరుపు

సరిహద్దు పల్లెల రైతు కుటుంబాలలో ముఖం ఎర్రబడటానికి ఒక ముఖ్య కారణం గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ. కర్ణాటక వైపు దీనిని కాంగ్రెస్ గిడ అని, మహారాష్ట్ర వైపు గాజర్ గవత్ అని అంటారు. 1950ల మధ్యలో పూణేలో కనిపించిన ఈ మొక్క తరువాత దేశమంతటా వ్యాపించింది. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం గాలిలో ఎగిరే పొడి, నూగుల ద్వారా చర్మాన్ని చేరి పడనివారిలో ఎగ్జిమా కలిగిస్తుంది. పైరెప్పలు, ముఖం, మెడ మడతలు, చెవుల వెనుక భాగం, మోచేతి మడతలు ఎర్రబడి, దురదపెట్టి, క్రమంగా దళసరి అవుతాయి.

ఎండ వల్ల వచ్చే ఎరుపుకు, దీనికి ఒక తేడా గమనించదగినది. ఎండ సోకని పైరెప్పలు, గడ్డం కింది భాగం, చెవుల వెనుక భాగం ఎండ ఎరుపులో మామూలుగా ఉంటాయి. వయ్యారిభామ గాలి మాత్రం అక్కడికీ చేరుతుంది. పూత రాకముందే, చేతితొడుగులు వేసుకొని మొక్కను వేళ్లతో పీకాలి. పడనివారు ఆ పని చేయకూడదు. పొలం నుంచి వచ్చిన వెంటనే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. బాధ ఎక్కువగా ఉంటే వైద్యులు కొద్ది రోజులు స్టెరాయిడ్, దీర్ఘకాలం అవసరమైతే అజాథయోప్రిన్ వంటి మాత్రలు రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు.

ఇంట్లో వాడే వస్తువులూ కారణం కావచ్చు. రంగులు కలిసిన కుంకుమ నుదుటిపై, పాపిట వద్ద ఎరుపును, నల్లమచ్చను తెస్తుంది. అంటించే బొట్టు బిళ్లల జిగురు కొందరికి దురదతో మొదలై, ఆ చోట తెల్లమచ్చగా మారుతుంది. జుట్టుకు వేసే నల్లరంగులోని పీపీడీ అనే రసాయనం పడకపోతే తలకంటే ముందు రెప్పలు, నుదురు, చెవులు ఉబ్బి ఎర్రబడతాయి. మిరపకోత, మిరప దంచే పనుల్లో ఆ చేతులతో ముఖం తుడుచుకుంటే వచ్చే మంట వేరు. అది ఘాటు వల్ల వచ్చేది, పని మానితే తగ్గుతుంది. ఎరుపు తగ్గాలని నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు, పచ్చి వెల్లుల్లి రాయడం దెబ్బతిన్న చర్మాన్ని మరింత కాలుస్తుంది.

ముక్కు పక్క మడతలు, కనుబొమలు, చెవుల లోపల, తలలో ఎర్రబడి జిడ్డుగల పొట్టు లేస్తుంటే అది సెబోరిక్ డెర్మటైటిస్. చుండ్రుకు తోబుట్టువు వంటిది. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ, క్రీములతో అదుపులోకి వస్తుంది, మళ్లీ వస్తుంటుంది కూడా. ఇది ఒక్కసారిగా తీవ్రంగా విజృంభిస్తే వైద్యులు హెచ్ఐవీ పరీక్ష కూడా చేయించవచ్చు.

ముఖాన అంచులు ఎర్రగా, గుండ్రంగా వ్యాపిస్తూ దురదపెట్టే మచ్చ తామర కావచ్చు. దానిపై స్టెరాయిడ్ ట్యూబు రాస్తే దురద తగ్గుతుంది, గుండ్రని ఆకారం చెదిరిపోతుంది, శిలీంధ్రం మాత్రం లోలోపల పెరుగుతుంది. అప్పుడు అనుభవజ్ఞుడైన వైద్యునికీ గుర్తించడం కష్టమవుతుంది. ఇంట్లో మరొకరికి తామర ఉంటే ఇద్దరికీ ఒకేసారి చికిత్స జరగాలి. తువ్వాళ్లు వేరుగా ఉండాలి.

ముఖంపై మొదలై ఒంటికంతటికీ చెందినవి

లూపస్ అనే జబ్బులో రెండు బుగ్గలను, ముక్కు పైభాగాన్ని కలుపుతూ సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఎరుపు వస్తుంది. ముక్కు పక్క నుంచి పెదవి వైపు దిగే మడతను ఇది సాధారణంగా వదిలివేస్తుంది. సెబోరిక్ డెర్మటైటిస్ సరిగ్గా ఆ మడతలోనే ఉంటుంది. లూపస్ యుక్తవయసు, నడివయసు స్త్రీలలోనే ఎక్కువ. ఎండకు పెరుగుతుంది. కీళ్ల నొప్పులు, విడవని జ్వరం, నోటిలో పుండ్లు, జుట్టు రాలడం, కాళ్ల వాపు, నురుగు మూత్రం ఉంటే ఆలస్యం చేయరాదు. మూత్రపరీక్ష, ఏఎన్ఏ అనే రక్తపరీక్షతో మొదలుపెట్టి నిర్ధారిస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇందులో ప్రధానమైన మందు. వేళకు గుర్తిస్తే మూత్రపిండాలను కాపాడుకోవచ్చు.

కుష్ఠు విషయంలో భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. ముఖాన రాగిరంగు మచ్చ, మెరిసే ఎర్రని వాపు, దళసరియైన చెవితమ్మెలు, రాలుతున్న కనుబొమలు దీనికి గుర్తులు కావచ్చు. ఒంటి మీది మచ్చలలో స్పర్శ పోతుంది. ముఖంలో నరాల అల్లిక దట్టం కనుక అక్కడి మచ్చలో స్పర్శ కొంత ఉండవచ్చు. "గిచ్చితే తెలుస్తున్నది, కాబట్టి కుష్ఠు కాదు" అనుకోవడం పొరపాటు. చేతులు, కాళ్లలో తిమ్మిరి, మోచేతి వద్ద నరం లావెక్కడం ఉన్నాయా అని కూడా చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సూచించిన బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు మందు వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది కాలానికే అంటించే గుణం పోతుంది. ఈ మందులలో రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. క్లోఫజిమిన్ వల్ల చర్మం ఎరుపు కలిసిన గోధుమ రంగుకు మారుతుంది, చికిత్స ముగిశాక క్రమంగా తగ్గుతుంది. దానికి భయపడి మందు మానరాదు. చికిత్స మధ్యలోగాని, తరువాతగాని పాత మచ్చలు హఠాత్తుగా ఎర్రబడి ఉబ్బితే అది లెప్రా రియాక్షన్. నరాలు దెబ్బతిని రెప్ప మూతపడకపోవడం, చేయి వంకరపోవడం జరగకముందే ఆసుపత్రికి వెళ్లాలి.

తమిళనాడులో తొళునోయ్ అని, ఒడిశా, కర్ణాటక, మహారాష్ట్రలలో కుష్ఠరోగమని పిలిచే ఈ జబ్బుకు ఏ రాష్ట్రంలో మొదలుపెట్టినా చికిత్స అదే. వెల్లూరు సమీపంలోని కరిగిరి, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉన్న సాలూరు ఈ చికిత్సకు చిరకాలంగా పేరున్న చోట్లు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనను పార్లమెంటు 2019లో వివాహ చట్టాల నుంచి తొలగించింది. పెళ్లి సంబంధం చెడుతుందని మచ్చను క్రీములతో దాచిపెట్టడం వల్ల వంకరపోయిన చేతులే మిగులుతాయి. మొదట్లోనే మందు వాడినవారిలో చాలామందికి ఏ వైకల్యమూ రాదు.

ఎండ తగిలే ముఖం, మెడ, ముంజేతులు, పాదాలు రెండువైపులా సమానంగా కంది, తరువాత నల్లబడి పొట్టు రాలుతూ, విరేచనాలు, మతిమరుపు తోడైతే అది పెల్లాగ్రా కావచ్చు. నియాసిన్ అనే విటమిన్ కొరతతో వచ్చే ఈ జబ్బు ఒకప్పుడు జొన్నలే ప్రధానాహారంగా ఉన్న దక్కను పేదలలో కనిపించేది. జొన్నలలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు, దీనికి సంబంధం ఉన్నదని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. నేడు ఇది అరుదు. మద్యానికి బానిసలై అన్నం మానినవారిలో, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతూ సరిగా తినని వారిలో అప్పుడప్పుడు కనిపిస్తుంది. విటమిన్ మాత్రలతో త్వరగా తగ్గుతుంది. జొన్నరొట్టెకు పప్పు, పాలు, గుడ్డు, వేరుశనగ తోడైతే భయం లేదు.

బుగ్గలు ముదురు ఎరుపుగా ఉండి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంటే గుండె కవాటం ఇరుకైన జబ్బు కావచ్చు. రెప్పలు ఊదారంగుకు మారి, కూర్చున్నవారు లేవలేకపోతుంటే కండరాల జబ్బు కావచ్చు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వంటి మాత్రలు, ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిర్లు కూడా ముఖాన్ని ఎర్రబరుస్తాయి. మాత్ర వల్ల అనుకుంటే దానిని సొంతంగా మానకుండా, ఇచ్చిన వైద్యునికే చెప్పాలి.

ఆలస్యం చేయరాని సందర్భాలు

ముఖంలో ఒకవైపు హఠాత్తుగా ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉండి, గంటగంటకూ వ్యాపిస్తూ చలిజ్వరం వస్తే అది చర్మం లోపలి చీముజబ్బు. అదే రోజు యాంటీబయాటిక్ మొదలుకావాలి. పెదవులు, నాలుక ఉబ్బి ఊపిరి ఆడకపోయినా, ఏదైనా మాత్ర వేసుకున్నాక నోరు, కళ్లు పుండ్లుపడి చర్మం పొరలుగా ఊడుతున్నా, కన్ను నొప్పిపుట్టి చూపు మసకబారినా దుకాణం మెట్లు ఎక్కకుండా నేరుగా ఆసుపత్రికే చేరాలి.

నిత్యం పాటించవలసినవి

కారణం ఏదైనా ఎర్రబడిన చర్మానికి కొన్ని జాగ్రత్తలు సమానం. ముఖాన్ని రోజుకు రెండుసార్లు మామూలు నీటితో, వాసన లేని మృదువైన సబ్బుతో కడిగి, రుద్దకుండా మెత్తగా అద్దాలి. సున్నిపిండి, గరుకు నలుగు, బ్లీచ్, ఫేషియల్ జబ్బు తగ్గేదాకా మానాలి. చర్మం తడి ఆరకముందే తేమ క్రీము రాయాలి. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన ఎండ క్రీమును, రెండు వేళ్ల పొడవునా పిండినంత, ముఖానికీ మెడకూ రాయాలి. జింక్ ఆక్సైడ్ ఉన్నవి సున్నితమైన చర్మాన్ని తక్కువగా రేపుతాయి. పొలంలో ఉండేవారు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. కొనలేనివారికి వెడల్పు అంచు టోపీ, తలపాగా, ముఖాన్ని కప్పే కొంగు ఎండను చాలావరకు ఆపుతాయి. కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి లోపలి భాగాన వరుసగా కొన్ని రోజులు రాసి, ఎర్రబడకపోతేనే ముఖానికి వాడాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు

సరిహద్దు కుటుంబాలు ఒకసారి ఈ రాష్ట్రంలో, మరోసారి ఆ రాష్ట్రంలో చూపించుకోవడం సహజం. బళ్లారి, రాయచూరు, వెల్లూరు, బరంపురం, యానాం వారికి దగ్గరగా ఉన్న కాకినాడ పట్టణాల వైద్య కళాశాలల ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. భాష మారినప్పుడు చెప్పవలసినది సగమే చెప్పడం జరుగుతుంది. అందుచేత పాత చీటీలన్నీ, పరీక్షల కాగితాలు, అన్నిటికంటే ముఖ్యంగా వాడిన ప్రతి ట్యూబు ఖాళీదైనా సరే, వెంట తీసుకువెళ్లాలి. తిడతారని భయపడి ట్యూబును దాచిపెడితే వైద్యుడు మందు తెచ్చిన ఎరుపును జబ్బు ఎరుపుగా పొరబడే అవకాశముంది. ఎరుపు ఎప్పుడు మొదలైంది, ఎండకు పెరుగుతుందా, దురదా మంటా, పొలంలో ఏ పని, ఇంట్లో మరెవరికైనా ఉందా అన్నవి ముందే ఒక కాగితంపై రాసుకోవాలి. ఎరుపు ఎక్కువగా ఉన్న రోజున పగటి వెలుతురులో తీసిన ఫోటో కూడా ఉపయోగపడుతుంది.

వైద్యుడు రాసిన మందు చీటీలో మందు అసలు పేరు రాయించుకుంటే ఏ రాష్ట్రంలోనైనా, జన ఔషధి దుకాణంలోనైనా అదే మందు దొరుకుతుంది. ఎన్ని రోజులు రాయాలి, ఎప్పుడు మానాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోకుండా గది దాటి రాకూడదు. అక్కడ దొరకని నిపుణుని సలహా కావాలంటే, ఈ-సంజీవని దూరవైద్య సేవ గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగవచ్చు. మచ్చలో స్పర్శ తేడాగా ఉందనిపిస్తే ఆశా కార్యకర్తకు చెప్పినా చాలు, ఆమె పరీక్షకు తీసుకువెళుతుంది.

చాలా రకాల ఎరుపు సరైన చికిత్సతో వారాలలోనో, కొద్ది నెలలలోనో తగ్గుముఖం పడుతుంది. స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖానికే ఎక్కువ కాలం పడుతుంది. ఆ ట్యూబును ఎంత తొందరగా మానితే చర్మం అంత తొందరగా కోలుకుంటుంది.